సహనం అని రాయనివ్వని మనిషి

జల్‌పల్లిలో సార్ వాళ్ల గల్లీ మొదట్లో రెండు కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీ కట్టి ఉంది. తెల్లవారుజామున పోయిన మనిషికి మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ తయారైంది. మనవడి స్నేహితులు చేయించారట. గులాబీ పూల మధ్య ఆయన ఫొటో, దాని కింద పెద్ద అక్షరాల్లో "సహనశీలి, సాహితీ శిఖరం, మా తెలుగు సార్‌కు అశ్రునివాళి" అని ఉంది.

ఆటో దిగి అది చదివి అక్కడే నిలబడిపోయాను. ఏడుపు రావలసిన చోట చిరాకు వచ్చింది. శిఖరం సంగతి పోనీ, ఎవరు పోయినా అలాంటి మాటలు రాస్తారు. సహనశీలి అన్నదే నాకు మింగుడు పడలేదు. ఆ మాట మీద ఆయన నాతో ఏళ్లపాటు పేచీ పెట్టుకున్నారు. పిల్లల జవాబు పేపర్లలో "సహనం" కనిపిస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి ఊరుకునేవారు కాదు, కాగితం చిరిగేదాకా గీకేవారు. ఆయన పోయి ఒక్క పూట గడవకముందే ఆ మాటనే తెచ్చి ఆయన ఫొటో కింద అచ్చు వేయించారు.

ఫ్లెక్సీ మార్చమని అడగడానికి అది సమయం కాదు. లోపలికి వెళ్లాను.

మొఘల్‌పురాలో మేమిద్దరం పనిచేసిన బడి చిన్నది. కింద మూడు గదులు, పైన నాలుగు. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. తెలుగు వాళ్లకు బడిలోనే ఎదురయ్యేది, అదీ పరీక్ష రూపంలో. కింది తరగతులకు నేను, పై తరగతులకు ఆయన చెప్పేవాళ్లం. కానీ ఎవరైనా తెలుగులో తప్పితే కరస్పాండెంట్ పిలిచేది నన్ను. ఆయన్ని పిలిస్తే వెళ్లేవారు కాదు. "నాకు పీరియడ్ ఉన్నది" అనేవారు. లేకపోయినా అనేవారు.

సార్ వాళ్లది పాల వ్యాపారం. అన్నదమ్ములకు బడి వెనక గల్లీలోనే బర్రెల కొట్టం ఉండేది. పొద్దున్నే పాలు పిండి, చొక్కా మార్చుకొని బడికి వచ్చేవారు. చొక్కా మారినా వాసన మారేది కాదు. సుద్దముక్కను కూడా పితికినట్టే పట్టుకునేవారు, అది రెండు మాటలకే విరిగేది. స్టాఫ్‌రూములో సుద్దముక్కల పెట్టె ఖాళీ అయిందంటే ఎవరినీ అడగనక్కర్లేదు.

నడుస్తూ మాట్లాడడం ఆయనకు రాదు. మాట మొదలైతే కాళ్లు ఆగిపోయేవి, ఎక్కడైతే అక్కడ. బడి నుంచి బస్టాపుకు ఆయనతో కలిసి బయల్దేరితే నా బస్సు వెళ్లిపోవడం ఖాయం. సందులో నడిమధ్య నిలబడి ఒక వాక్యం ఎత్తుకునేవారు. వెనక బండ్లు హారన్ కొట్టేవి. "చాచా, జర సైడ్ హోజావ్!" అని ఎవరో అరిచేవారు. ఈయన చెయ్యి పైకెత్తి వాళ్లను ఆపి, వాక్యం పూర్తిచేసి, అప్పుడు పక్కకు జరిగేవారు. నేను సిగ్గుతో గోడకు అతుక్కుపోయేదాన్ని.

ఇంకో అలవాటు, ఎదురైన ప్రతి మనిషినీ "ఏం కూర?" అని అడగడం. బాగున్నారా అని అడిగేవారు కాదు. మధ్యాహ్నం అడగకుండానే మా టిఫిన్ డబ్బాల మూతలు తీసి చూసేవారు. చూసి ఊరుకోవచ్చు కదా, తీర్పు చెప్పేవారు.

"బీరకాయనా? మళ్ల బీరకాయనా?"

"మా ఇంట్ల అందరు తింటరు సార్."

"బీరకాయ కూర గాదు బిడ్డా. నీళ్లకు ఉప్పేసినట్టుంటది. నువ్వు తెలుగు చెప్పుడు గూడ గిట్లనే ఉంటది."

ఈ అలవాటు ఎక్కడ నుంచి వచ్చిందో చాలాకాలం నాకు తెలియలేదు. పదో తరగతి పుస్తకంలో ఒక కవిత ఉండేది. దొర గడి ముందు ఒక మనిషిని వంచి, వీపు మీద బండరాయి పెడతారు. అతను చేసిన తప్పేమిటో కవి చెప్పడు. పొద్దంతా అతను అట్లాగే ఉంటాడు. దారిన పోయేవాళ్లు చూసి తల తిప్పుకుంటారు. ఆఖరి పంక్తులు ఇవి:

పొద్దు దిగింది, రాయి దిగింది.
ఇంటికి పోయి మొహం కడుక్కొని
ఏం కూర అని అడిగాడు.

అంతే కవిత. బజారులో దొరికే గైడ్‌లో దీనికి జవాబు సిద్ధంగా ఉండేది: ఈ కవిత మనకు సహనాన్నీ, ఆత్మవిశ్వాసాన్నీ నేర్పుతుంది. పేపర్లు దిద్దేవాళ్లు వెతికే జవాబూ ఇంచుమించు అదే. పిల్లలు అది రాసి మార్కులు తెచ్చుకొని బయటపడితే నాకు చాలు. ఆయనకు చాలదు.

"సహనమని రాస్తె సున్నా ఇస్త" అని క్లాసులో ముందే చెప్పేవారు. ఇచ్చేవారు కూడా.

"ఎందుకు సార్ గట్ల జేస్తరు? బోర్డు పరీక్షల దానికే మార్కులు వేస్తరు గదా" అని నేను.

"వాని వీపు మీద రాయి వెట్టినోడు దొర. వీడు పొద్దంత మోసిండు. నువ్వొచ్చి, శభాష్, ఓపికున్నోడివి అంటున్నవ్. దొర ఏమంటడు? ఓపికున్నది గదా, రేపు ఇంకో రాయి వెట్టుమంటడు."

"మరి ఏం రాయాలె?"

"వానికి ఆకలైందని రాయాలె. అంత జరిగినంక గూడ వానికి ఆకలైంది. కూర సంగతి అడిగిండు. దొర వాని నుంచి ఏం గుంజుకోలేకపోయిండో గదీ కవిత."

మాట బాగానే ఉంటుంది. నేనూ చదువుకున్నదాన్నే, మాట బాగుందని నాకూ తెలుసు. కానీ "ఆకలైంది" అని రాస్తే ఎన్ని మార్కులు వస్తాయో ఆయన చెప్పలేరు. అది అడిగితే పక్కకు తిరిగి నా డబ్బా మూత తీసేవారు.

ఒక రోజు పదో తరగతి గది నుంచి చప్పుడే లేదు. ఆ తరగతిలో అది జరగని పని. వెళ్లి చూద్దును కదా, సార్ నల్లబల్ల ముందు నడుము వంచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నారు. వీపు మీద పిల్లల పుస్తకాల సంచులు, ఒకదాని మీద ఒకటి. జారకుండా ఇద్దరు పిల్లలు పట్టుకొని ఉన్నారు. మొహం ఎర్రబడింది. పిల్లలు నోళ్లు తెరుచుకొని చూస్తున్నారు.

"సార్, దింపుండ్రి" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా లేదు.

నా వెనకే కరస్పాండెంట్ వచ్చాడు. "ఏంది సార్ గిది? పేరెంట్స్ జూస్తె నా ఇజ్జత్ ఉంటదా? దింపు, దింపు!"

ఆ కవితలో మనిషి మాట్లాడడు కాబట్టి ఈయనా మాట్లాడరు. కరస్పాండెంట్ పిల్లల మీద అరిచాడు. పిల్లలు సార్ వంక చూశారు. ఆయన తల అడ్డంగా ఆడించారు. వాళ్లు కదల్లేదు. కరస్పాండెంట్ కాసేపు తలుపు దగ్గర నిలబడి, ఏం చేయాలో తోచక, ఫోన్ వచ్చినట్టు జేబు తడుముకుంటూ వెళ్లిపోయాడు.

గంట కొట్టాల్సిన ఆయా నఫీసా కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చేతిలో ఇనుప కడ్డీ ఉంది. పీరియడ్ అయిపోతున్నా కొట్టడం మరిచిపోయి చూస్తోంది. "నఫీసా, బెల్!" అని నేను గట్టిగా అంటే తెలివి తెచ్చుకొని పరుగెత్తింది.

గంట మోగాక ఆయన సంచులు కింద పడేశారు. నడుము పట్టుకొని మెల్లగా లేచి, వరండాలో నల్లా దగ్గరకు పోయి మొహం కడుక్కున్నారు. అందరం వెనకే వెళ్లాం. తుడుచుకోకుండానే మొదటి బెంచీ అమ్మాయి వంక చూసి, "ఏం కూర ఇయ్యాల?" అన్నారు.

ఆ పిల్ల, "బగారా బైంగన్, సార్" అంది, ఏడుపు గొంతుతో.

"మస్తుంటది" అన్నారు ఆయన.

ఆ తర్వాత వారం రోజులు మంచం మీదే ఉన్నారు. వాళ్లింటామె నాకు ఫోన్ చేసి చెడామడా తిట్టింది. "ముసలాయన పిచ్చి పనులు జేస్తుంటె నువ్వేం జేస్తున్నవ్ బిడ్డా అక్కడ?" ఆ వారం ఆయన పీరియడ్లన్నీ నేనే చెప్పాను. ఆ ఏడు పదో తరగతిలో ఎవరూ ఆ కవిత మరిచిపోలేదు. సగంమంది గైడ్ జవాబే రాశారు.

నఫీసా సంగతికి వస్తాను. ఆమె మా బడిలో ఆయా. గంట కొట్టడం, గదులు ఊడ్చడం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం ఆమె పని. నర్సరీ టీచర్లు మా బడిలో నిలిచేవారు కాదు. ఎవరు మానేసినా తర్వాతి మనిషి దొరికేదాకా ఆ తరగతిని నఫీసాయే చూసుకునేది. పిల్లలు ఆమెనే టీచర్ అనుకునేవారు. ఒకసారి కరస్పాండెంట్‌కూ అనిపించింది. "టెన్త్ పాసై రా, తెలుగు సబ్జెక్టు తీసుకో. నర్సరీ నీకే ఇస్త. జూన్ వరకే ఆగుత" అన్నాడు. నర్సరీలో అ ఆలు దిద్దించాలి కాబట్టి తెలుగు తప్పదు. మిగతా సబ్జెక్టుల ఫికర్ ఆమెకు లేదు. ఓపెన్ టెన్త్ కట్టింది. ఆ పుస్తకంలోనూ ఈ రాయి కవిత ఉంది.

నేను నేర్పుతానన్నాను. ఆమె సార్ దగ్గరే చదువుతానంది. సంచుల రోజు నుంచి ఆమెకు ఆయన మీద గురి.

ఆయన పద్ధతి ఆయనది. "ముందుగాల నోట్లె పడనియ్యి, తలకాయ సంగతి, చెయ్యి సంగతి తర్వాత జూద్దాం." నఫీసా కవితను ఉర్దూ అక్షరాల్లో రాసుకొని కంఠతా పట్టింది. మా పిల్లలందరూ చేసే పనే అది. నేను చూసినప్పుడల్లా కాపీ పుస్తకం లాక్కొని తెలుగులో రాయించేదాన్ని. ఆయన మాత్రం ఆ కాపీ చూసి సంతోషించేవారు. మెట్ల మీద కూర్చొని ఆమె ఆ కవిత చెబుతుంటే నిజంగానే బాగుండేది. నా దగ్గర చదివినవాళ్లెవరూ అంత బాగా చెప్పలేదు. కానీ రాసే పరీక్ష కదా. ఆయనకు వంద సార్లు చెప్పాను.

"చెయ్యి తిరగాలె సార్ ఆమెకు."

"తిరుగుతది, ఆగు."

"పరీక్ష ఆగదు గదా!"

"నీకు తొందరెక్కువ" అన్నారు, నా డబ్బాలో చెయ్యి పెడుతూ.

పరీక్ష రాసి నఫీసా నేరుగా బడికి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు. స్టాఫ్‌రూములో నేనూ సారూ మాత్రమే ఉన్నాం.

"మేడమ్, గడ్‌బడ్ అయింది. పేపర్ల ఆ కవితే వచ్చింది. చూడంగనే ఖుషీతోని మొత్తం రాసేసిన. సార్ చెప్పిన మత్లబ్ గూడ రాసిన. రెండు పేజీలు. లాస్ట్‌ల చూస్తె..." ఆగిపోయింది.

"చూస్తె?"

"ఉర్దూల రాసిన, మేడమ్."

తెలుగు కవిత, తెలుగు జవాబు, కుడి నుంచి ఎడమకు రెండు పేజీలు. అది గమనించాక మిగతా ప్రశ్నలకు తెలుగు అక్షరం ఒక్కటీ సరిగా పడలేదట. నేను సార్ వైపు తిరిగాను. ఏం అనాలో కూడా తోచనంత కోపం వచ్చింది.

ఆయన నఫీసాను అడిగారు: "కవితల ఎక్కడన్న తప్పు వోయిందా?"

"నై, సార్."

"మరి?"

ఆ "మరి?" విన్నాక నా నోరు ఆగలేదు. "మరి ఏంది సార్, మరి? ఆమె నౌకరి వోయింది! తప్పు లేకుండ ఫెయిలైంది, ఇంకేం గావాలె మీకు?"

జవాబిచ్చింది నఫీసా. "మీరిద్దరు లొల్లి వెట్టుకుంటనే ఉండుండ్రి. ఫెయిలైంది నేను" అని, పోయి గంట కొట్టింది. ఇంకా టైం కాలేదు. పిల్లలంతా బయటికి వచ్చేశారు.

జూన్‌లో నర్సరీకి కొత్తామె వచ్చింది. ఆమె కూర్చునే కుర్చీని నఫీసాయే తుడిచి వేసింది. ఆ పక్కనే సార్ నిలబడి చూశారు. ఆ రోజు ఆయన ఎవరి డబ్బా మూతా తీయలేదు. నాతో మాత్రం ఒక్క మాటా అనలేదు. పొరపాటైందని అంటే ఏం పోయేది? అనలేదు.

మళ్లీ పరీక్ష కట్టించినప్పుడు నఫీసాను నేను తీసుకున్నాను. సాయంత్రాలు బడి వదిలాక గుణింతాల దగ్గర నుంచి రాయించాను. కవితకు గైడ్ జవాబునే దిద్దించాను. ఒకరోజు ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఆ మాటే రాపిస్తున్నవా?"

"అదే రాపిస్తున్న. మీకు కవిత గావాలె. ఆమెకు నర్సరీ గావాలె."

ఏదో అంటారని చూశాను. నఫీసా కాపీ వంక చూశారు. అక్షరాలు వంకరగా, పెద్దగా ఉన్నాయి గాని తెలుగు అక్షరాలు. "చెయ్యి తిరిగింది" అని వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొంతకాలానికి ఆయన బడి మానేశారు. కొడుకులు కొట్టం అమ్మి జల్‌పల్లిలో ఇల్లు కట్టారు. నఫీసా రెండోసారి పరీక్ష రాసి వచ్చి, నన్ను పక్కకు పిలిచింది. "మేడమ్, ఆ కవితే వచ్చింది. సహనం అనే రాసిన. సార్‌కు చెప్పకుండ్రి. ఆయనకు బాధైతది" అంది. సరే అన్నాను. పాసైంది. నర్సరీకి వచ్చిన కొత్తామె కూడా అందరిలాగే మానేసింది. ఆ తరగతి నఫీసాకు వచ్చింది.

ఫలితం చెప్పడానికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఏం రాసింది?"

"మీరు చెప్పిందే రాసిందంట సార్."

"గట్లనా. ఆకలైందని రాసిందా?"

"ఆ, రాసిందంట."

"మంచిది" అన్నారు.

అక్కడితో వదిలేసే మనిషి కాదు. తర్వాత ఎప్పుడు కలిసినా అదే ప్రశ్న. ఆయనకు ఆరోగ్యం పాడైన తర్వాత జల్‌పల్లికి చూడబోతే మంచం మీద లేచి కూర్చొని మరీ అడిగారు. "నఫీసా పేపర్ల ఏం రాసిందంటివి?" ముసలితనంలో మరిచిపోతున్నారనుకొని, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేదాన్ని. ఏ వాక్యం తర్వాత ఏ వాక్యం రాసిందో కూడా కల్పించాల్సి వచ్చింది. ఆయన గంభీరంగా తల ఊపుతూ వినేవారు. "మరి మార్కులు వడ్డయి గదా? నువ్వేమో వడయంటివి" అని పొడిచేవారు. ఒప్పుకునేదాన్ని. నాకు తెలిసి ఆయనతో వాదనలో నేను పూర్తిగా ఓడిపోయింది దీనిలోనే, అదీ జరగని సంగతికి.

మగవాళ్లు ఆయన్ని తీసుకుపోయాక, కాసేపు వాళ్లింటామె దగ్గర కూర్చొని నేనూ, నాకంటే ముందే వచ్చి ఉన్న నఫీసా బయల్దేరాం. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ దగ్గర నఫీసా ఆగింది. పైకి చదివింది. నర్సరీ టీచర్ కదా, అక్షరం అక్షరం విడదీసి చదివింది. "స... హ... న... శీ... లి." చదివి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"మేడమ్, మీరు కోపం జెయ్యనంటె ఒకటి జెప్త. ఆ దినం పరీక్ష నుంచి బయటికి రాంగనే సార్‌కు ఫోన్ జేసిన. మీకంటె ముందుగాల. సహనమని రాసిన సార్, మాఫ్ జెయ్యుండ్రి అన్న."

"సార్‌కు చెప్పినవా? నన్నేమో చెప్పకుండ్రి అన్నవ్ గదా!"

"ఆగుండ్రి మేడమ్. సార్ అడిగిండు, ఎంతసేపు మోసినవ్ అని. నాకు సమజ్ గాలే. పరీక్ష ఎంతసేపు అన్నడు. మూడు గంటలు సార్ అన్న. దింపినవా అన్నడు. దింపిన అన్న. అయితె ఇంటికి వోయి మొహం కడుక్కో, కూరేందో అడుగు అన్నడు."

"తర్వాత?"

"నాకు ఎరుకైనట్టు మేడమ్‌కు చెప్పకు అన్నడు. చెప్తె గైడే మంచిదని మురుస్తదంట. నువ్వే పోయి, సార్‌కు చెప్పకుండ్రి అని చెప్పు, ఏం జేస్తదో జూద్దాం అన్నడు."

అంటే అన్నిసార్లూ తెలిసే అడిగారు. మంచం మీద లేచి కూర్చొని, మొహం అంత గంభీరంగా పెట్టి, నేను కల్పించిన జవాబును వాక్యం వాక్యం చెప్పించుకొని విన్నారు. విన్నాక మార్కుల గురించి పొడిచారు కూడా.

"ఆగు, ఆయన సంగతి చెప్త" అని వెనక్కి తిరిగాను. నిజంగానే తిరిగాను. నాలుగడుగులు వేశాను కూడా. గల్లీలో కుర్చీలు ఉన్నాయి, చల్లిన మరమరాలు ఉన్నాయి. ఆయన్ని తీసుకుపోయి గంట దాటింది.

నఫీసా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "బస్ వస్తున్నది మేడమ్. చలో."

బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. నేను కిటికీ వైపు మొహం తిప్పుకొని ఉన్నాను. బస్సు పాతబస్తీలోకి వచ్చాక ఆమె మోచేత్తో నన్ను మెల్లగా తాకింది.

"మేడమ్, ఇంట్ల ఏం కూర?"

"బీరకాయ" అన్నాను, కోపంగానే.